కూర్చోండి, పిలుస్తారు

“పాపా, ఈడ అందరూ లేసి పోతాండారు. నన్ను ఎవురూ పిల్చలేదే?”

బహ్రెయిన్ విమానాశ్రయంలో పక్కనున్న ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుని సిద్దక్క నాతో అన్న మాట ఇది. నేనప్పుడు హిందూపురంలో, టికెట్లు తీసే ఒక చిన్న షాపులో కంప్యూటర్ ముందు ఉన్నాను. ఏదో తప్పు జరుగుతోందని, అది నావల్లేనని ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి కూడా ఏమన్నానో చూడండి: “ఇంకొంచెంసేపు కూర్చో అక్కా, పిలుస్తారు.”

తొమ్మిదేళ్లుగా ఆ మాట మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

డిగ్రీ కొత్తగా పూర్తయిన రోజులు. ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చి ఆ షాపులో పనిచేసేదాన్ని. కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. చాలామంది బహ్రెయిన్ దీవిలో దిగి ఇంకో విమానం ఎక్కాలి. వాళ్ల కోసం, ఇంగ్లీషులో దొరికిన ఒక గైడు చూసి తెలుగులో రెండు పేజీలు రాశాను. ఏ బాణం గుర్తు వెంట నడవాలి, బ్యాగు మళ్లీ ఎక్కడ తనిఖీ చేస్తారు, ఆడవాళ్ల మరుగుదొడ్డి బొమ్మ ఎలా ఉంటుంది, అన్నీ గీసి మరీ. మంచి పనే. ఎవరో ఒకామె, నువ్వు పోయొచ్చినావా అని అడిగేవరకూ.

రెండుసార్లు వెళ్లానని చెప్పాను. నేను విమానాన్ని దగ్గరగా చూసింది కూడా లేదు. ఎందుకలా చెప్పాను? వాళ్ల కళ్లలో కనిపించిన ఆ నమ్మకం నాకు కావలసి వచ్చిందా?

ఇంగ్లీషు గైడులో ఒక మాట ఉంది. పిలుపు కోసం ఎదురుచూడొద్దు, గేటు మారవచ్చు, బోర్డు చూస్తూ ఉండండి అని. అర్థం కాక కాదు, వదిలేశాను. ఆ బోర్డు ఎక్కడుంటుందో, ఎలా చదవాలో ఎవరైనా అడిగితే చెప్పలేను, నా అబద్ధం బయటపడుతుంది. అందుకని నాకు తెలిసిందే రాశాను. నాకు తెలిసింది హిందూపురం బస్టాండు. అక్కడ కండక్టరు బస్సు మెట్టు మీద నిలబడి “పెనుకొండ, ధర్మవరం” అని గొంతు పోయేలా అరుస్తాడు, నిద్రపోయేవాళ్లను కూడా తట్టి లేపుతాడు. విమానమైతే ఇంకా మర్యాదగా పిలుస్తారనుకున్నాను. ఆరో సూచనగా రాశాను: కూర్చోండి, పిలుస్తారు.

ఆ కాగితం పట్టుకుని వెళ్లిన సిద్దక్క కూర్చుంది. విమానం వెళ్లిపోయింది. ఆమె ఎంతకీ చేరకపోయేసరికి కువైట్‌లో ఆమెను పనికి రమ్మన్న ఇంటివాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. అక్కడినుంచే వెనక్కి పంపేస్తే, వారానికల్లా ఆమె మా షాపు ముందు నిలబడింది, చేతిలో నా కాగితంతో. లోపల ఏడెనిమిది మంది ఉన్నారు.

“నువ్వు కూర్చోమంటివి, కూర్చుంటి. ఎవురు పిల్చిరి పాపా?”

“పిలిచింటారక్కా. నువ్వే నిద్రపోయింటావు.”

“కన్ను మూయలేదు. నా బిడ్డల మీద ఒట్టు.”

“రెండు తూర్లు పోయొచ్చినదాన్ని, నాకు తెలీదా?”

వెనక నుంచి ఎవరో “విమానం కూడా ఎక్కాల, పండుకోనూ పండుకోవాల” అన్నారు. అందరూ నవ్వారు. సరిచేసి ఇస్తానని ఆమె చేతిలో కాగితం తీసుకున్నాను. ఇవ్వలేదు. అది నా సర్టిఫికెట్ల ఫైలులో ఇప్పటికీ ఉంది.

పెళ్లయి పెనుకొండ వచ్చాను. సిద్దక్కదీ ఈ ఊరే. మా పిల్లల బడి గేటు దగ్గర ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముతుంది. నేను తలొంచుకుని వెళ్లిపోతాను. పిల్లలు ఐదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఆమె వాళ్లకు చెప్పేసిందేమోనని భయం. ఆమె ఏనాడూ చెప్పలేదు. నిన్న సాయంత్రం నా కూతురే చెప్పింది, పడీపడీ నవ్వుతూ. బడిలో అందరూ ఆమెను “నిద్ర సిద్దమ్మా, విమానమొచ్చె, లెయ్యి!” అంటారట. తనూ అందట. ఆమె తల ఎత్తలేదట.

ఆ పేరు పెట్టింది నేను. అది నా బిడ్డ నోటి దాకా వచ్చింది. ఇక చాలు.

ఆమె క్షమిస్తుందని రాయడం లేదు. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు. జరిగింది జరిగినట్టు రాశాను. ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది, అంతే.

పైదంతా రాత్రి రాసింది. ఇది పొద్దున.

కూతురికి జడలు వేస్తూ పిల్లలిద్దరికీ చెప్పాను. “ఆయవ్వ నిద్రపోలేదు. పిలుస్తారని తప్పుగా రాసింది నేను. నిద్రపోయినావని అందరి ముందరా అబద్ధం చెప్పింది నేనే. అమ్మ విమానం ఎప్పుడూ ఎక్కలేదు. ఈ పొద్దు ఆ కాగితం తీసుకొని గేటు కాడికి పోయి, అందరూ వినేటట్టు చెప్తా. మీరు నా పక్కన నిలబడండి.”

“ఆయవ్వ తిడితే?” అంది కూతురు.

“తిట్టనీ. ఆయమ్మ చాలించేదాకా ఆడే నిలబడతాం” అన్నాను.