అక్క చెప్పిన గాలి

పత్రికలో ఉన్నన్నాళ్ళూ, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, జాలర్లు వేటకు వెళ్ళవద్దు అనే వార్తను మదురైలో ఫ్యాను కింద కూర్చొని దిద్దాను. ఆ అనుభవం చాలు, మా ఇంట్లో సముద్రం గురించి నా మాటకు విలువ రావడానికి.

అందుకే మేనకోడలి తగవు నా దగ్గరికొచ్చింది. కోయంబత్తూరులో పంపుల కంపెనీలో పనిచేసే ఆ పిల్ల, సెలవు దొరికినప్పుడల్లా దక్షిణాన సముద్రానికి పోయి కైట్ సర్ఫింగ్ నేర్చుకుంది. కాళ్ళ కింద పలక, నడుముకు కట్టిన పెద్ద గాలిపటం, అది లాగిన వేగంతో నీళ్ళమీద పరుగు. ఇక ఉద్యోగం మానేసి అక్కడే దాన్ని నేర్పే పనిలో చేరతానంటుంది. దానికో పరీక్ష ఉంది. పరీక్ష పెట్టే ఆయన ఉండేది రెండే రోజులు. బిడ్డను ఆపమని అక్క కోరింది. అమ్మను ఒప్పించమని మేనకోడలు కోరింది. ఇద్దరికీ సరేనన్నాను. రెండు పక్షాలకూ సమానంగా చోటివ్వడం మా వృత్తిధర్మం.

అక్కా నేనూ మదురై మాట్టుతావణి బస్టాండులో బస్సెక్కి మేనకోడలి దగ్గరికి వెళ్ళాం. ఒడ్డున నల్లటి రాళ్ళు, వాటి మధ్య సుడులు తిరిగే నీళ్ళు.

"రాళ్ళుండాయని చెప్పలేదే పాపా నువ్వు?"

"సుమ్మా ఊరికే భయపడొద్దమ్మా. హెల్మెట్ ఉండాది, పడవ ఉండాది."

అక్క వంగి గుప్పెడు పొడి ఇసుక తీసింది. కళ్ళంలో చేట ఎత్తినట్టే చెయ్యెత్తి ఇసుక వదిలింది. "గాలి తిరగబోతుంది. ఈపొద్దు వద్దు."

పరీక్ష పెట్టే ఆయన ఫోను చూపించి, గాలి నిలకడగానే ఉంటుందని తమిళంలో చెప్పాడు. నలభై ఏళ్ళు జొన్నలు తూర్పారబట్టిన మనిషి ముందు ఫోను ఏం నిలుస్తుంది? మేనకోడలు కైట్‌ను ఇసుకలో దించేసింది. సాయంత్రం దాకా కాచుకున్నాం. గాలి తిరగలేదు. ఒక రోజు పోయింది.

టీకొట్టు దగ్గర అక్క మెల్లగా అంది: "అది తిరగదని నాకు తెలుసురా."

"నాకూ తెలుసక్కా." తూర్పారబట్టేవాళ్ళకు తెలిసేది వీస్తున్న గాలే, రేపటిది కాదు.

"మరి నోరు తెరవలేదే నువ్వు? పేపరోడివి కదా!"

మేనకోడలు టీ ఊదుకుంటూ అంది: "నాకూ తెలుసమ్మా."

"తెలిసీ ఎందుకు ఆగినావే?"

"భయపడి అబద్ధం కూడా చెప్తివే. నిన్నట్ల విడిచి ఎట్ల పోయేది?"

నేను టీ డబ్బులిచ్చి, ఆ రోజుకు ఉపయోగపడ్డాననుకున్నాను.

మర్నాడు పొద్దున గాలి నిన్నటిలాగే ఉంది. అక్క ఇసుక ముట్టలేదు. కైట్ పైకి లేచే ముందు దాని అంచును ఎవరో ఒకరు పట్టుకొని నిలబడాలి. కైట్ నడుముకు కట్టుకున్నవాళ్ళు బొటనవేలెత్తి సైగ చేశాక వదలాలి. అక్క చీర కొంగు దోపి, పట్టుకునే కుర్రాణ్ణి పక్కకు తప్పించి, తానే పోయి పట్టుకుంది.

మేనకోడలు బొటనవేలెత్తింది. అక్క వదల్లేదు.

"అమ్మా, వదులు!"

"ఇరు పాపా, ఉండు, చీర సర్దుకోనీ."

రెండు చేతులూ కైట్ మీదే ఉన్నాయి. చీర వైపు ఒక్కటీ పోలేదు. కాసేపటికి వదిలింది.