సినిమా చూడని మా నాయనమ్మ పాటలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద నడుం వాల్చానో లేదో, పక్కన కూర్చున్న మనవరాలి ఫోన్‌లోంచి ఒక పాట మొదలైంది. పాత సినిమా పాటకే కొత్తగా డప్పులూ ఈలలూ తగిలించి, అర నిమిషానికి కుదించి ఎవరో వదిలారట. ఇప్పుడు ఎవరి ఫోన్ తెరిచినా అదేనట. నేను లేచి కూర్చున్నాను. నా చెయ్యి నన్ను అడక్కుండానే కొంగు తీసి నెత్తిన కప్పింది, కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి. పల్లవి అయిపోయేసరికి పెదవులు కూడా కదులుతున్నాయి. కళ్లు తెరిచి చూస్తే మనవరాలు ఫోన్ ఆపి నన్నే చూస్తోంది. “ఏంది అమ్మమ్మా, ప్రార్థన చేస్తున్నవా? ఇది డ్యాన్స్ పాట, చూడు,” అని ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. అందులో ఒక పిల్ల జోరు వానలో తడుస్తూ గిరగిరా తిరుగుతోంది. ఆ పిల్లను నేను ఎప్పుడో ఒక్కసారే చూశాను. ఆ పాట మాత్రం నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి తెలుసు. అది మొదట నేను విన్నది చర్చిలో.

మా ఇంట్లో సినిమాకు ప్రవేశం లేదు. గోదావరిఖనిలో కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్, గోడకు ఒక సిలువ, దాని పక్కన బైబిల్ వాక్యం రాసిన క్యాలెండర్, అంతే. హీరోల ఫొటోలు చూడాలంటే మంగలి షాపుకు పోవాల్సిందే, అక్కడికి ఆడపిల్లల్ని పంపరు. మా నాయనమ్మ లెక్కలో సినిమా హాలు, కల్లు కాంపౌండు, పేకాట ఒకే గూటి పక్షులు. హాలు ముందు నుంచి నడవాల్సి వస్తే కొంగు అడ్డం పెట్టుకుని రోడ్డు అవతలి వైపుకు పోయేది. పోస్టర్ మీది హీరోయిన్‌ను చూసి, ఈ పిల్లకు ఇంత చలిలో ఎవరూ శాలువా ఇవ్వలేదా అని జాలిపడేది మాత్రం. అటువంటి నాయనమ్మకు ఆ కాలంలో వచ్చిన ప్రతి హిట్టు పాటా నోటికి వచ్చు. రొట్టెలు చేస్తూ పాడేది, బట్టలు పిండుతూ పాడేది, చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది. అవి సినిమా పాటలన్న సంగతి ఒక్క ఆమెకు తప్ప దాదాపు అందరికీ తెలుసు.

ఇదంతా మా కాక నిర్వాకం. కాక అంటే మా నాన్న తమ్ముడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. ఆ బాయిలో ఆయనది బొగ్గు నింపిన టబ్బులు తోసే పని, చర్చిలో హార్మోనియం వాయించే పని. మొదటిది జీతం కోసం, రెండోది ప్రాణం కోసం. నలుగురిలో నోరు విప్పి మాట్లాడలేని మనిషి, హార్మోనియం ముందు కూర్చుంటే మాత్రం ఎవరో పెద్దమనిషి వచ్చి ఆయనలో కూర్చున్నట్టు ఉండేది. మొదటి షిఫ్టు దిగి, ఒంటికి పట్టిన మసి వదిలేదాకా రుద్దుకుని, హీరోలాగ జుట్టు దువ్వుకుని, “దోస్తు దగ్గరికి పోయొస్త అవ్వా,” అని వాళ్లమ్మకు చెప్పి సాయంత్రం బయలుదేరేవాడు. అది అబద్ధం కాదు, దోస్తు కూడా హాల్లోనే ఉండేవాడు. ఒకసారి చూస్తే రాగం వచ్చేది, రెండోసారికి తాళం. మాటలు మాత్రం హాల్లోనే వదిలేసి వచ్చేవాడు. వారమంతా భూమి కింద టబ్బులు తోస్తూ కొత్త మాటలు కట్టేవాడు. ప్రియుడు ప్రభువయ్యేవాడు, వెన్నెల వాక్యమయ్యేది. విరహ గీతమైతే మరీ సులువని, అందులో పెద్దగా మార్చేది ఏమీ ఉండదని అనేవాడు. పని చేసే చోట కట్టినవి కాబట్టి బాయి మాటలు కూడా వచ్చి చేరేవి. మొన్న ఫోన్‌లో విన్న పాటకు మా చర్చిలో పల్లవి “చీకటి బాయిల దీపము నీవే”. ఆ పిల్ల వానలో ఏం పాడుతూ తిరుగుతుందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు.

ఆ రోజుల్లో బాయి మీద మనుషులు ఇద్దరు హీరోల కింద చీలిపోయి ఉండేవారు. మా హీరో డ్యాన్సు గొప్పంటే మా హీరో డైలాగు గొప్పని హాజరు వేసే చోట మొదలుపెడితే నెత్తి దీపాలు ఇచ్చే లాంపు రూము దాకా అదే వాదన. సినిమా విడుదలైన రోజున ఏ షిఫ్టులో ఎవరు కనిపించలేదో చూసి, ఎవరు ఏ హీరో మనిషో చెప్పేయొచ్చని నాన్న నవ్వేవాడు. మా చర్చిలో మాత్రం ఇద్దరు హీరోలకూ సమాన గౌరవం దక్కింది. ఒకరి పాటతో ఆరాధన మొదలైతే ఇంకొకరి పాటతో కానుకల సంచి తిరిగేది. మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, జీవితంలో సినిమా చూసినవారు కాదు. కొత్త పాట విన్నప్పుడల్లా, నీకు ఇంత మంచి రాగాలు ఎక్కడ దొరుకుతాయయ్యా అని మురిసిపోయి కాక భుజం తట్టేవారు. కాక నేల చూపులు చూసేవాడు. అయ్యగారు దాన్ని వినయం అనుకునేవారు.

మధ్యలో ఒక సంగతి చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. ఒక ఏడు మా తాత బాయిలో పడి కాలు విరగ్గొట్టుకుని కంపెనీ దవాఖానలో చాలా రోజులు ఉన్నాడు. నడుస్తాడో లేదో డాక్టరు కూడా గట్టిగా చెప్పలేకపోయాడు. నాయనమ్మ మంచం పక్కనే కింద కూర్చుని, భయం వేసినప్పుడల్లా “చీకటి బాయిల దీపము నీవే” అందుకునేది. మొదట పక్క మంచం ఆయన కలిశాడు. తర్వాత ఆ పక్క మంచం. నాలుగు రోజులకు వార్డు మొత్తం, కట్టు కట్టిన చేతులతో తాళం వేస్తూ పాడింది. వాళ్లలో ముస్లింలున్నారు, హిందువులున్నారు, మన మాట రాని బయటి రాష్ట్రం మనిషి ఒకడున్నాడు. నాయనమ్మ ఆనందానికి హద్దు లేదు. తాత కర్ర పట్టుకుని లేచి నడిచి ఇంటికొచ్చాక, దవాఖాన వార్డంతా తన పాటతో దేవుణ్ని స్తుతించిందని చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. వెనక వరసలో ఉన్నవాళ్లు దగ్గు వచ్చినట్టు నోళ్లు మూసుకున్నారు. అది తన జీవితంలో దేవుడు చేసిన పెద్ద కార్యమని ఆమె నమ్మకం. దాన్ని చెడగొట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది, కాకకు అసలే లేదు.

ఆ తర్వాతి క్రిస్మస్‌కు పాటల అసలు సంగతి బయటపడింది. ప్రతి ఏడూ పండుగ ఆరాధనకు కాక షిఫ్టులో మనుషులు వచ్చేవారు. మతం ఏదైనా బిర్యానీ అందరిదీ కదా. కాక దోస్తు కూడా వచ్చి ముందు వరసకు దగ్గరగా, సరిగ్గా నాయనమ్మ వెనక కూర్చున్నాడు. వాకిట్లో అందరికీ ఆరాధన క్రమం అచ్చేసిన కాగితం ఇచ్చారు. కాక హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టి ఆ పాట మొదలుపెట్టగానే ఆ మనిషికి తానెక్కడున్నాడో మతికి లేకుండా పోయింది. చేతిలో కాగితం ముక్కలు ముక్కలుగా చింపి, పల్లవి ఎత్తుకునే చోట లేచి నిలబడి, రెండు చేతులతో పైకి చల్లి, ఒక ఈల వేశాడు. హాల్లో హీరో తెర మీదికి వచ్చినప్పుడు ఎట్లా చేస్తాడో అట్లాగే. ముక్కలు గాలిలో తిరిగి తిరిగి నాయనమ్మ తెల్ల జుట్టు మీద వాలాయి. హార్మోనియం ఆగిపోయింది. అయ్యగారు కోపం లేకుండానే, నిజంగా తెలుసుకోవాలని అడిగారు. “కాగితాలెందుకు చల్లినవయ్యా?”

“మా హీరో పాట గద అయ్యగారు,” అన్నాడు ఆయన చేతులు కట్టుకుని. “హాల్ల గిట్లనే చల్లుతం. చెయ్యి ఆగలే.”

ఆ వారం మొదట్లోనే, కాకను పాటల బృందం నుంచి తీసేయాలని సంఘ పెద్దలు అనుకుంటున్నారని, వచ్చే ఆదివారం తేలుస్తారని తెలిసింది. కాక డ్యూటీకి పోయాడు, వచ్చాడు, పెట్టింది తిన్నాడు. హార్మోనియం మీద గుడ్డ కప్పి మూలకు జరిపాడు. నాయనమ్మ కొడుకుతో ఒక్క మాట మాట్లాడలేదు. రొట్టెలు చేస్తూ పాడటం కూడా మానేసింది, ఏది పాడొచ్చో ఏది పాడకూడదో ఆమెకు తెలియదు మరి. అన్నిటికంటే ఎక్కువ మోసపోయింది ఆమె, శిక్ష కూడా ఆమె నోటి నుంచే వస్తుందని మేమంతా భయపడ్డాం. కాకకు ఆ హార్మోనియం తప్ప ఇంకే ముచ్చటా లేదు. అది కూడా పోతే ఆ మనిషి ఏమవుతాడోనని, చిన్నపిల్లనైన నేను కూడా రోజూ ఆ మూలకు పోయి గుడ్డ ఎత్తి చూసి వచ్చేదాన్ని.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం అట్లాగే కూర్చున్నాం. పెద్దలు చెప్పేది చెప్పారు. కాక తల ఎత్తలేదు. అయ్యగారు నాయనమ్మ వైపు తిరిగి, మీరేమంటారమ్మా అని అడిగారు. ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, కొడుకునే అడిగింది.

“దవాఖానల నేను పాడింది గూడ సినిమాదేనారా?”

“అవు అవ్వా.”

“మరి వార్డంత నాతోని పాడిరి గద.”

“వాళ్లు సినిమా పాటనే పాడిండ్రవ్వా.”

ఎవరూ నవ్వలేదు.  నాయనమ్మ అయ్యగారి వైపు తిరిగి మెల్లగా చెప్పింది. “వాళ్లు ఏం పాడినా నాతోని కలిసి పాడిండ్రు. నాకు ధైర్యమైంది. మా ఆయిన లేచి నడిచిండు. ఇప్పుడు ఆ పాట వద్దంటె ఆ దినాలు గూడ వద్దన్నట్టే. నాతోని కాదు అయ్యగారు. తప్పే అంటరా, అయితె ఇన్నేండ్ల సంది నేను సినిమాకు పోయినట్టే లెక్క. ముందు నన్ను బయట నిలబెట్టుండ్రి, తర్వాత వాన్ని నిలబెడుదురు.”

అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “అట్లయితే సంఘమంతా బయటనే ఉంటదమ్మా,” అన్నారు. “పొద్దున స్నానం చేసుకుంట నేను పాడేది గూడ అదే పాట.” అప్పుడు నవ్వారు అందరూ. కాక మాత్రం ఏడ్చాడు. ఆయన హార్మోనియం ఆయనకు మిగిలింది, ఒకే ఒక్క షరతు మీద. పండుగ రోజున ఆ దోస్తు చేతికి మాత్రం కాగితం ఇవ్వొద్దని.

కొన్నాళ్లకు ఆ సినిమా మళ్లీ మా ఊరి హాలుకు వచ్చింది, ఉదయం ఆటగా. “ఏముందో ఒక్కపారి చూపియ్యిరా,” అని నాయనమ్మే కాకను అడిగింది. తెల్ల చీర కట్టుకుని, సంచిలో బైబిల్ పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని బయలుదేరింది. చుట్టూ బీడీ పొగ, కింద పల్లీ పొట్టు. సినిమా సగం దాకా, ఈ పిల్ల తల్లిదండ్రులు ఎక్కడున్నారని కాకను అడుగుతూనే ఉంది. పాట మొదలైంది. తెర మీద వాన మొదలైంది. నాయనమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, కళ్లు మూసుకుని, “చీకటి బాయిల దీపము నీవే” అని గొంతెత్తి అందుకుంది. ముందు బెంచీల వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ ఊరుకోమనలేదు. బయటికి వచ్చాక, “డ్యాన్స్ ఎట్లున్నదవ్వా?” అని కాక భయం భయంగా అడిగాడు.

“ఎవల డ్యాన్సురా?” అంది నాయనమ్మ.

ఆ రాగం కట్టింది మద్రాసులో ఉండే సంగీత దర్శకుడని కాక చెప్పాడు. ఆ రోజు నుంచి ఆమె ప్రార్థనలో ఒక మనిషి పెరిగాడు. కొడుకులూ కోడళ్లూ, మనవలూ మనవరాళ్లూ, బాయిలో దిగినవాళ్లూ అందరూ అయ్యాక, “ఆ పాట కట్టిన మద్రాసు పిల్లగాన్ని చల్లగ చూడు తండ్రీ,” అనేది. ఆయన అప్పటికే ఎంత పేరున్నవాడో, ఎన్ని దండలు వేయించుకున్నాడో ఆమెకు తెలియదు. గోదావరిఖనిలో ఒక ముసలామె రోజూ తన క్షేమం అడుగుతోందని ఆయనకూ తెలియదు. నాకిప్పుడు అనిపిస్తుంది, మేము ఎంతమందికి రుణపడి బతికామో అని. ఆ మద్రాసు ఆయనకు, వార్డులో గొంతు కలిపిన ముక్కూ ముఖం తెలియని వాళ్లకు, ఆగని చెయ్యి ఉన్న కాక దోస్తుకు, తన సినిమా పిచ్చినంతా మా ప్రార్థనగా మార్చి ఇచ్చిన కాకకు. నలభై ఏళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పాను. గొంతు బాగుందని ఎవరు మెచ్చుకున్నా, మా కాక నేర్పిందనే చెప్పాను.

ఇదంతా చెప్పేసరికి మనవరాలు కళ్లింత చేసుకుని వింది. దాని గది గోడ నిండా ఏదో దూరదేశపు పాటగాళ్ల బొమ్మలు. మంచులాంటి తెల్లటి ముఖాలు, రంగు జుట్లు, ఒక్కరి మాటా దానికి అర్థం కాదు, అయినా పరీక్షకు ముందు వాళ్ల పాట వినందే ఇల్లు కదలదు. దాన్ని నేనెప్పుడూ కోప్పడలేదు. మా ఇంటి ఆడవాళ్లు ధైర్యం ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చుకుంటారు. “నీ మాటలతోని పాడు అమ్మమ్మా,” అని అది ఫోన్‌లో శబ్దం తీసేసి, బొమ్మ మాత్రం ఉంచి నా ముందు పెట్టింది. హాలు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టారు, కాక పోయి చాలా ఏళ్లయింది, నాయనమ్మ అంతకు ముందే పోయింది. ఈసారి నేను కళ్లు తెరుచుకునే పాడాను. ఆ పిల్ల అదే వానలో, అదే వయసులో, ఇంకా అట్లాగే గిరగిరా తిరుగుతోంది. మేమే ఒకరి తర్వాత ఒకరం, కొంగు నెత్తిన కప్పుకుని, ఆ పాటలోంచి దాటిపోతున్నాం.