గుండు కింది మెట్టు

దుబాయిల నేను పదకొండేండ్లు చేసిన పని ఏందో కోరుట్లల చాలామందికి ఇప్పటికీ సమజ్ కాదు. గోల్ఫ్ గ్రౌండ్లల్ల మెట్లు, నడిచే తొవ్వలు వేసేటోన్ని. ఆడేటోళ్లు ఒక గడ్డ మీంచి బంతి కొట్టి, అది పడ్డ కాడికి నడుసుకుంట పోతరు. వాళ్లు నడిచే తొవ్వ ఒకలు కూసొని వేసినట్టు కనవడొద్దు. వానలకు మట్టి కొట్టుకపోయి రాళ్లు తేలినట్టు, వాటి మీద ఎప్పటిసందో మనుషులు నడుస్తున్నట్టు ఉండాలె. అందుకని రాయిని సగానికంటె ఎక్కువ భూమిలనే పాతుతం. ఎండకు వానకు నల్లబడ్డ దిక్కు పైకి పెట్టి, కొత్తగ పగిలిన తెల్ల దిక్కు లోపలికి తిప్పుతం. తొవ్వ ఊకెనే వంకర పోవద్దు. చెట్టో పెద్ద రాతి గుండో అడ్డమొస్తేనే తిరగాలె.

గాడ నాకు పని నేర్పింది కేరళ నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ. ఆయన అంగి జేబుల ఎప్పుడూ టేపు ఉంటుండె. "రాయి చిన్నదుండని, పెద్దదుండని, వంకరుండని. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఎత్తు మాత్రం మారొద్దు. నాలుగు మెట్లు దిగినంక మనిషి కిందికి చూసుడు బంద్ జేస్తడు" అని హిందీల చెప్తుండె. మారిందంటే రాయి పీకించి మళ్ల వేయిస్తుండె. పదకొండేండ్లల నేను గీ ఒక్క మాట ఎన్నిసార్లు విన్ననో లెక్కలేదు. గందుకే, తర్వాత నేను చేసింది తెలువక చేసిన అని చెప్పుకునే వీలు నాకు లేదు.

వాపసు వచ్చినంక ఏడాదిన్నర ఇంట్లనే ఉన్న. నా భార్యది సిరిసిల్ల. పెండ్లికి ముందునుంచే బట్టలు కుట్టేది. కోరుట్లల చిన్న దుకాణం పెట్టి ఇల్లు నడిపింది. నేను దుకాణం ముందట కుర్చీ వేసుకొని కూసుంటుంటి. "దుబాయిల ఏం చేసినవే" అని అడిగినోళ్లకు చెప్తే, "మెట్లు గూడ డిజైన్ చేస్తరా" అని నవ్వుతుండ్రి.

గప్పుడు మల్యాల దిక్కు ఒకాయన ప్లాట్ల వెంచర్ వేస్తుండని, అందుల చిన్న గోల్ఫ్ గ్రౌండ్ గూడ పెడుతుండని తెలిసింది. జగిత్యాల మనిషి, నాకంటె చిన్నోడు. నన్ను పిలిపిచ్చిండు. గుట్ట కింద నిలబడి చెయ్యి చూపెట్టుకుంట, "కాకా, మీద నిలబడి కొడితే బంతి కిందికి పడాలె. కొట్టినోడు నడుసుకుంట దిగాలె. గా మెట్లు ఎవలేసిండ్రంటే ఎవ్వలెయ్యలే అన్నట్టు ఉండాలె. చేస్తవా?" అన్నడు.

చేస్త అన్న. గా రోజు ఇంటికి పోయినంక భార్య ముందట మస్తు మాట్లాడిన.

గుట్ట మీద సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు ఉండె. మేకలు దిగిన సన్నని తొవ్వ ఒకటి అప్పటికే ఉండె. గా తొవ్వనే పట్టుకొని పైనుంచి పదకొండు మెట్లు గీసుకున్న. ఏడో మెట్టు కాడ పెద్ద గుండు వచ్చింది. నల్లటి గుండు, దాని మీద పసుపుపచ్చ మచ్చలు. పైభాగం చదునుగ, మనిషి నిలబడేటట్టే ఉండె. జేసీబీ తోని గూడ కదలదు. కదిలిచ్చుడు నాకూ ఇష్టం లేకుండె. గాడికి అన్ని మెట్లు ఆరంగుళాల ఎత్తుల వస్తున్నయి. గుండు మీంచి కిందికి మాత్రం పది అంగుళాలు వచ్చింది.

దానికి ఉపాయం ఎరుకనే. గుండు కింద ఒక పలచటి రాయి పాతితే అయిపోతది. ఆ రాయి పెడితే గుండు ముఖం సగం దాగుతది. నేను కిందికి పోయి చూసిన, పక్కకు పోయి చూసిన. రాయి లేకుంటెనే అందం. ఉండనీ అనుకున్న. గా మాట మనసుల అనుకున్నప్పుడే కేరళ మేస్త్రీ యాదికొచ్చిండు. అయినా ఉండనీ అనుకున్న.

పనికి బుగ్గారం నుంచి నలుగురు ఆడోళ్లు వస్తుండ్రి. అండ్ల ఒక అవ్వకు అరువై ఏండ్లు ఉంటయి. మెట్ల సందుల గడ్డి నాటుడు, నీళ్లు పోసుడు ఆమె పని. చెప్పులు పక్కకు విడిచి వట్టి కాళ్ల తోనే ఎక్కి దిగుతుండె. ఒకనాడు నేను రాళ్లకు మట్టి రుద్దుతుంటే వచ్చి నిలబడ్డది.

"కొడుకా, గీ గుండు దిగంగ కాలు గాలిల్నే ఉంటున్నది. కింద జర రాయి పెట్టరాదు?"

నేను తల ఎత్తకుంటనే, "అవ్వా, గివి నీ కోసం వేస్తలేం. బూట్లేసుకొని ఆడనీకె వచ్చేటోళ్ల కోసం" అన్న.

పక్కన రాళ్లు కొట్టేటోళ్లు నవ్విండ్రు. అవ్వ గూడ నవ్వింది. "గట్లనా" అని నీళ్ల బొచ్చె ఎత్తుకొని పోయింది.

గా మెట్లు అయినంక, గుట్ట అవతలి దిక్కు పని ఇంక నడుస్తుండంగనే, ఓనరు డ్రోన్ కెమెరా పిలిపిచ్చి ఫొటోలు తీయించిండు. పొద్దుటి ఎండ గుండు మీద పడ్డ ఫొటో బ్రోచర్ మీదికి ఎక్కింది. "కాకా, దేవుడు వేసినట్టే వేసినవ్" అని నా భుజం మీద చెయ్యేసిండు. ఫొటో నా భార్యకు పంపిన. ఆమె సిరిసిల్లల అన్నదమ్ములకు పంపింది. రోజంత ఫోన్ మోగుతనే ఉండె. ఏండ్ల తర్వాత నేను ఏం పని చేస్తనో అందరికి సమజ్ అయినట్టు అనిపిచ్చింది.

నాలుగు దినాలకు ఓనరు ప్లాట్లు కొనేటోళ్లను ఏడెనిమిది మందిని తీస్కొచ్చిండు. వాళ్లు గుట్ట కింద నిలబడ్డరు. చాయ్ పైన షెడ్డుల పెట్టిండ్రు. "అవ్వా, చాయ్ తే, జల్ది" అని కింది నుంచి కేకేసింది నేనే.

అవ్వ ఒక చేతిల చాయ్ కెటిల్, ఇంకో చేతిల గిలాసలున్న పల్లెం పట్టుకొని దిగుతున్నది. ఆరు మెట్లు బరాబర్ దిగింది. గుండు మీంచి కాలు కిందికి పెట్టింది. కాలుకు నేల అందలే. గిలాసలు ముందుగాల పడ్డయి, తర్వాత ఆమె. ఎడమ చెయ్యి రాయికీ ఒంటికీ నడుమ నలిగింది. నేను ఉరికేసరికి ఆమె లేచి కూసొని మణికట్టును ఒళ్లె పెట్టుకొని పట్టుకున్నది. ఏడుస్తలేదు. ముఖం తెల్లగైంది.

ఓనరు వచ్చిండు. ఎనక వచ్చినోళ్లందరు ఉన్నరు. "ఏమైంది కాకా? మెట్టుల ఏమన్న తేడా ఉన్నదా?"

గా చణం నాకు ఏం తోచలే అని చెప్పుకుంటే మంచిగుంటది. కాని తోచింది. బ్రోచర్ తోచింది, భార్య తోచింది, దుకాణం ముందటి కుర్చీ తోచింది. ఆలోచించే చెప్పిన.

"మెట్టు మంచిగనే ఉన్నది సార్. ఆమెనే ముచ్చట పెట్టుకుంట దిగింది. కిందికి చూస్కోలే."

ఆమె ఎవలి తోని ముచ్చట పెట్టలే. పక్కన ఎవ్వలు లేకుండె. అవ్వ నా దిక్కు చూసింది. చానసేపేం గాదు. తర్వాత ఓనరు దిక్కు తిరిగి, "అవు సారూ, నేనే చూస్కోలే" అన్నది.

"ముసలోళ్లను పనిల పెట్టుకుంటే గిదే తిప్పలు" అని ఓనరు వచ్చినోళ్లకు చెప్పుకుంట ముందటికి పోయిండు. అవ్వను బండిల జగిత్యాల దవాఖానకు పంపిచ్చిండ్రు. చెయ్యి ఇరిగింది, పట్టీ వేసిండ్రు. ఇంక పనికి రావద్దని కూలోళ్ల మేస్త్రీ తోని చెప్పిచ్చిండ్రు.

తెల్లారి నేను ఒక్కన్నే టేపు తీసి కొలిచిన. ఎందుకు కొలిచిన్నో ఎరుక లేదు, కొలత నాకు మునుపే ఎరుక. పైనుంచి అన్ని ఆరు. గుండు కాడ పది. ఎవలో వస్తున్న సప్పుడైతే టేపు జేబుల వేసుకొని గడ్డి సవరిస్తున్నట్టు చేసిన.

వారం అయినంక పండ్లు కొనుక్కొని బుగ్గారం పోయిన. అవ్వ ఇంటి ముందట కోడలు బీడీలు చేస్తున్నది. అవ్వ కొడుకు మస్కట్ల ఉంటడట. అవ్వ కట్టుకట్టిన చెయ్యి ఒళ్లె పెట్టుకొని కూసున్నది. పని నుంచి వచ్చినంక రోజూ బీడీలు చేసేదట. ఎడమ చేతిల ఆకు పట్టుకుంటెనే కుడి చెయ్యి చుట్టాలె. ఇప్పుడు ఎడమ చెయ్యి పనిచేస్తలేదు. అందుకని ఊకెనే కూసొని కోడలి చేతుల దిక్కు చూస్తున్నది.

క్షమించు అని చెప్పనీకె పోయిన. చాయ్ వచ్చింది, తాగిన. వానల ముచ్చట చెప్పిన. నొప్పి ఎట్లుందని అడిగిన. ఇంక లేద్దాం అనుకుంటుంటే అవ్వనే అడిగింది.

"గా మెట్టు సరిజేసినవా కొడుకా? ఇంకోలు పడుతరు."

"చేసిన అవ్వా" అన్న. "గా రోజే చేసిన."

"మంచిగ చేసినవ్" అన్నది.

బస్సుల కూసున్నంక లెక్కేసుకున్న. మొదటి అబద్ధం అందరు చూస్తుంటే భయానికి చెప్పిన అనుకోవచ్చు. రెండోది ఎందుకు చెప్పిన? గాడ ఓనరు లేడు, పని పోయే భయం లేదు. ఇరిగిన చెయ్యి పట్టుకొని ఒక మనిషి ఇంకోలు పడొద్దని అడుగుతున్నది. ఆమె ముందట గూడ మంచోని లెక్క కనవడాలని చెప్పిన.

తెల్లారి పొద్దుగాలనే గుట్టకు పోయి, పలచటి రాయి ఒకటి ఎతికి, గుండు కింద తవ్వి పాతిన. గంటన్నర పట్టింది. గంతే పని. గుండు ముఖం సగం దాగింది, నేను అనుకున్నట్టే. కింద నిలబడి చూస్తే అంత చెడ్డగ ఏం లేదు.

ఓనరు ఫోన్ల మాట్లాడుకుంట వచ్చి, "ఏందిది కాకా? బ్రోచర్ల గిట్ల లేదు గదా" అన్నడు.

"సార్, మెట్టు తప్పుండె. నాలుగు అంగుళాలు ఎక్కువుండె. గా అవ్వ పడ్డది నా తప్పు తోని. ఆమె నాకు ముందుగాలనే చెప్పింది. నేను మీకు అబద్ధం చెప్పిన."

ఆయన ఫోన్ చెవి మీంచి జర పక్కకు తీసిండు. "ఏ అవ్వ?"

"చాయ్ తెచ్చుకుంట పడ్డది గదా సార్."

"ఆ... గంతేనా. పెట్టుండ్రి కాకా, ఏమైతది" అని మళ్ల ఫోన్ చెవికి పెట్టుకున్నడు.

నేను దేనికి భయపడి ఒక ముసలామె మీద తప్పు మోపిన్నో అది గింతే. నన్ను తిడితే బాగుండు అనిపిచ్చింది. అవ్వను మళ్ల పనిల పెట్టుకుందాం సార్ అంటే, చెయ్యి మంచిగైనంక చూద్దాం అన్నడు.

పగటీలి బువ్వ కాడ రాళ్ల పనోళ్లకు గూడ చెప్పిన. ముద్ద కలుపుకుంటున్న ఒకాయన తల ఎత్తకుంట, "మాకెరుకనే అన్నా. గా దినం అందరం గాడ్నే ఉంటిమి గదా" అన్నడు. ఇంకొకాయన మామిడికాయ తొక్కు డబ్బా నా దిక్కు జరిపిండు. ఇన్ని దినాలు వాళ్లందరు గది తెలిసే నా తోని మాట్లాడుతున్నరు, నేను చెప్పిన రాయి చెప్పినట్టు పెడుతున్నరు.

అవ్వ పట్టీ తీసినంక మళ్ల బుగ్గారం పోయిన. ఎముక సక్కగ అతకలే. మణికట్టు ఒక పక్కకు వంగి ఉన్నది. ఈసారి చాయ్ వద్దన్న. కోడలు ఇంటుండంగనే రెండు అబద్ధాల సంగతి చెప్పేసిన. మెట్టు తప్పుండె, నీ మీద వేసిన. సరిజేసిన అన్న, గప్పటికి చేయలే. ఇప్పుడు చేసిన.

అవ్వ "ఎరుక" అన్నది.

"ఏది ఎరుక అవ్వా?"

"రెండూ ఎరుక. మొన్న చేసిన అన్నప్పుడు నీ మొఖం గా రోజు ఉన్నట్టే ఉండె."

"మరి గా రోజు నువ్వెందుకు ఒప్పుకున్నవ్?"

"ఏం జెయ్యాలె కొడుకా? అందరి ముందట నిలబడి నువ్వు గట్ల చెప్తుంటే నీకోసం నాకే సిగ్గైంది. జల్ది అయిపోతే మంచిగుండు అనుకున్న."

గప్పుడు కోడలు బీడీల చాట పక్కకు పెట్టింది.

"మా అత్త గట్లనే అంటది. నేను అనను" అన్నది. "మా ఆయన ఫోన్ చేసినప్పుడల్ల అమ్మ పనికి ఎందుకు పోతలేదని అడుగుతుండు. చెయ్యి నొస్తుందని చెప్తున్నం. ఎట్ల ఇరిగిందో మీరే చెప్పుండ్రి."

అవ్వ "వద్దే" అంటుండంగనే వీడియో కాల్ కలిపి ఫోన్ నా చేతిల పెట్టింది.

మస్కట్ల ఏదో సైటు మీద ఉన్నడు. తలకు హెల్మెట్, మెడల తువ్వాల, ముఖం నిండ దుమ్ము. ఎనక నుంచి మిషన్ల సప్పుడు. నేను ఎవలో చెప్పిన. మొదటిసంది అంత చెప్పిన. మధ్యల మధ్యల సిగ్నల్ పోతే, "ఏమన్నవ్? మళ్ల చెప్పు" అంటుండు. గా మాట, ఆమెనే చూస్కోలే అని నేను చెప్పిన గా మాట, మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. మూడోసారి సక్కగ ఇనవడ్డది.

ఆయన తిడుతడని చూస్తున్న.

"నువ్వు గూడ గల్ఫ్‌ల చేసినవా అన్నా?" అన్నడు.

"పదకొండేండ్లు చేసిన తమ్మీ."

"గాడ ఎవలన్న పడితే తప్పు మన మీదనే వేస్తుండ్రి గదా."

అవు అన్న.

"అమ్మకు ఇయ్యి" అన్నడు.

ఫోన్ అవ్వకు ఇచ్చిన. ఆమె కుడి చేతిల పట్టుకొని, వంగిన చెయ్యిని కొంగు కింద దాచుకొని, "తిన్నవా బాపు" అని అడిగింది. నేను లేచి చెప్పులు వేసుకొని బయటికి వచ్చిన.

అవ్వ మళ్ల పనికి రాలే, బీడీలు గూడ చేస్తలేదు. కోడలు చేసిన బీడీలకు దారం చుట్టి కట్టలు కడుతదట, గది గూడ మెల్లగ. జగిత్యాల బస్టాండ్ల కోడలు రెండు మూడుసార్లు కనవడ్డది. ప్రతిసారి నేనే మొఖం తిప్పుకున్న. ఆమె తిప్పుకోదు.