ఎడమ బాక్సు

మా మేనమామ ఎల్లేష్‌కు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు, ఒక్క మెకానిక్ ఇస్సాకు మీద తప్ప. ఆ ఒక్క నమ్మకమే ఆయన కొంప ముంచింది.

రావల్కోల్‌లో మా ఇంటికీ మామ ఇంటికీ మధ్య ఒకటే గోడ. మామ పొద్దున్నే వ్యాను తీసుకొని బహదూర్‌పల్లి కాలనీల్లో బడి పిల్లల్ని ఎక్కించుకుంటాడు, సాయంత్రం దింపేసి వస్తాడు. రోజంతా పిల్లల గోల, వాళ్ళు అడిగిన పాటలు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక మాత్రం తన పాటలు, తన డెక్కు. ఒక ఆంప్లిఫయరు, దానికి అటొకటి ఇటొకటి చెక్క బాక్సులు, సరిగ్గా మధ్యలో ఆయన కుర్చీ. ఆ కుర్చీని ఎవరైనా కాస్త జరిపితే ఇల్లు పీకి పందిరి వేసేవాడు. డోలు కుడి నుంచి రావాలట, వేణువు ఎడమ నుంచి రావాలట, పాడే మనిషి ఎదురుగా నిలబడ్డట్టు ఉండాలట. బాలమణి అత్త బాక్సు మీద చెంబు పెట్టిందని ఒకసారి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఇంత వయసొచ్చిన మనిషికి ఇదేం పిచ్చి అని నేను లోలోపల తిట్టుకునేదాన్ని.

ఆ డెక్కును ఇన్నేళ్ళు బతికించింది ఇస్సాకే. మేడ్చల్ బస్టాండు దగ్గర ఆయనకు చిన్న దుకాణం. నాబు తిప్పితే బరబరమంటే స్ప్రే కొట్టేవాడు. స్పీకరు అంచు చిరిగితే కొత్తది అంటించేవాడు. లోపల దూరి చచ్చిన బల్లిని పటకారుతో తీసి పారేసేవాడు. క్యాసెట్లు దొరకని కాలం వస్తే పెన్‌డ్రైవ్ పెట్టుకునే బోర్డు బిగించి ఇచ్చాడు. క్రిస్మస్‌కు వాళ్ళింటి కేకు మామ ఇంటికి వచ్చేది, మామ ఇంట్లో కోడి కోస్తే వాళ్ళింటికి ఒక గిన్నె పోయేది.

పోయిన చలికాలం ఒక పొద్దున మామ ఎడమ చెవి దిబ్బడ వేసిందంటూ లేచాడు. జలుబు అనుకున్నాడు. తగ్గిపోతుందిలే అని అత్త కూడా పట్టించుకోలేదు. ఆ వారంలోనే డెక్కులో ఎడమ బాక్సు నీరసంగా పలుకుతోందని గోల మొదలుపెట్టాడు. మాకు రెండూ ఒక్కలాగే వినిపించాయి. ఆ మాటే నేను అంటే కసిరాడు.

"నీకేమెరుక కోడలా? టీవీ సీరియళ్ళు ఇనే చెవులు మీయి!"

డెక్కును వ్యానులో పెట్టుకొని ఇస్సాకు దగ్గరికి పోయాడు. అక్కడ జరిగింది మాకు చాలా రోజుల దాకా తెలియలేదు. ఇస్సాకు విప్పి చూస్తే లోపం ఏమీ లేదు. చాయ్ తాగుతావా అని మామ ఎడమ పక్క నుంచి అడిగితే మామ పలకలేదు. గొంతు పెంచి అడిగినా పలకలేదు. చెడింది డెక్కు కాదు, చెవి అని ఇస్సాకుకు అర్థమైంది. చెప్పడానికి నోరు రాలేదు. చెబితే వ్యాను నడపనివ్వరని, మనిషి కుంగిపోతాడని భయపడ్డాడు. అందుకని ఏం చేశాడో తెలుసా? కుడి బాక్సుకు పోయే తీగలో చిన్న రెసిస్టరు వేసి, ఆ పక్క శబ్దం తగ్గించేశాడు. ఇంటికి తెచ్చి పాట పెట్టగానే మామ మొహం వెలిగిపోయింది.

"గిప్పుడు సక్కగైంది! ఇస్సాకు ఇస్సాకే!"

మామ వాల్యూము పెంచేసరికి ఎడమ బాక్సు చెవులు చిల్లులు పడేలా మోగుతోందని అత్త మొత్తుకుంది. ఆమె మాట వినేదెవరు?

నెల తిరగకుండా ఎడమది మళ్ళీ తగ్గిందన్నాడు. మళ్ళీ ఇస్సాకు దగ్గరికి, మళ్ళీ ఇంకాస్త పెద్ద రెసిస్టరు. ఎండలు ముదిరేసరికి ఆ కిటుకు కూడా పనిచేయడం మానేసింది. అప్పుడు మామకు అనుమానం పుట్టింది. బస్టాండు ముందు పదిమందిలో నిలబడి ఇస్సాకును కడిగేశాడు.

"ఒరిజినల్ పార్టులు పీకి డూప్లికేట్ ఏసినవ్ గదరా! ఆదివారం చర్చిల ప్రార్థన, సోమవారం నా డెక్కుల దొంగతనం!"

ఇస్సాకు తల దించుకున్నాడే గానీ అప్పుడు కూడా నిజం చెప్పలేదు. దొంగ అనిపించుకోవడమే నయమనుకున్నాడట. అలాంటి మంచితనాన్ని తగలబెట్టాలి.

ఇక మామే రిపేరుకు దిగాడు. పాట మోగుతుండగా బాక్సుల వెనక్కి దూరి, గోడకు వీపు ఆనించి కూర్చొని తీగలు కదిలించి చూశాడు. అలా కూర్చునేసరికి ఎడమ బాక్సు ఆయనకు కుడి పక్కకు వచ్చింది. చచ్చిందనుకున్న ఆ బాక్సు కుడి చెవిలో హోరెత్తింది. బాగున్నదనుకున్నది ఎడమ పక్కన మూగపోయింది. లేచి ముందుకొచ్చి విన్నాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి విన్నాడు. చివరికి కుడి చెవిని అరచేత్తో గట్టిగా మూసుకున్నాడు. పాట మోగుతూనే ఉంది, ఆయనకు మాత్రం వినిపించలేదు. గుమ్మంలో నిలబడి ఆ మొహం చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

కొంపల్లిలో చెవి డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఎప్పుడు మొదలైందో అడిగి తెలుసుకుంది.

"మొదటి రోజుల్లోనే వచ్చి ఉంటే మందులతో ప్రయత్నించేవాళ్ళం. కొంతమందికి వినికిడి తిరిగొస్తుంది. ఇప్పుడు ఆలస్యమైపోయింది," అంది.

మామ ఆ మాట మళ్ళీ చెప్పించుకొని విన్నాడు. బడి పిల్లల్ని ఇక ఎక్కించుకోనని తిరిగొచ్చే దారిలో అన్నాడు.

ఆ సాయంత్రం కబురు పంపితే ఇస్సాకు వచ్చాడు. రెసిస్టర్ల సంగతి, చాయ్ సంగతి, తన భయం సంగతి అన్నీ అప్పుడే ఏడుస్తూ చెప్పాడు. మామ అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"నువ్వు నిజంగ పార్టులు దొంగతనం జేసినా బాగుండు. బజార్ల కొత్తయి దొరుకుతుండె," అన్నాడు. "నువ్వు పెట్టిందంత తీసెయ్."

ఇస్సాకు డెక్కు విప్పి తాను వేసినవన్నీ పీకేశాడు. పాట పెడితే రెండు బాక్సులూ సమానంగా పలికాయి, మాకు. మామ కుర్చీలో కూర్చొని ఎదుటి గోడ వంక చూస్తున్నాడు. పాట ఇంకా మోగుతుండగానే ఇస్సాకు, ఏ పక్కో కూడా చూసుకోకుండా, ఆయన ఎడమ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మాఫ్ జెయ్ ఎల్లేషన్నా. నీ మంచికే అనుకున్న," అన్నాడు.

మామ కదల్లేదు, తల తిప్పలేదు. ఇస్సాకు కాసేపు ఎదురుచూసి, ఇక క్షమించడనుకొని, సంచి సర్దుకొని బయటికి నడిచాడు. నేను అత్త చెయ్యి పట్టుకొని గుంజాను.

"అత్తా, మామకు ఇనవడలే. ఇస్సాకును పిల్వు. ఏమన్నడో మామకు జెప్పు."

అత్త వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

"ఇన్ని దినాలు చెవి సంగతి ఆ ఇస్సాకు జెప్పిండా? నేనెందుకు జెప్పాలె?"