ఎగిరి రాని చిమ్మట

ఏడు చలికాలాలుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే కుంగిపోయానని కాదు. తింటున్నాను, నిద్రపోతున్నాను, బీపీ కూడా అదుపులోనే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఇంత పని చేసినవాడికి వేళకు ఆకలి ఎలా వేస్తుంది? చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన ముఖం కనిపిస్తే నేను మళ్ళీ మంచివాణ్ణి అయిపోతాను. అది నాకు చాలాకాలంగా అలవాటైన పని.

ఒడిశాలోని బరంపురంలో హైస్కూలు సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా ఇంట్లో మూడు తరాలుగా అందరూ మాస్టర్లే. ఊళ్ళో నాకొక పేరుంది. అది పాఠాల వల్ల వచ్చింది కాదు, చిమ్మటల వల్ల, అంటే రాత్రిపూట దీపాల దగ్గరికి వచ్చే సీతాకోకల్లాంటి పురుగుల వల్ల వచ్చింది. గంజాం జిల్లాలో చలికాలంలో ఏ ఊళ్ళో ఏ చిమ్మట కనిపించిందో రాసిపెట్టే పట్టిక ఒకటుంది. దాన్ని మొదలుపెట్టింది నేనే. వానాకాలంలో దీపం పెడితే చిమ్మటలు ఎవరికైనా దొరుకుతాయి. పుష్యమాసంలో దొరకవు. అప్పుడు ఒక్కటి కనిపించినా పండగే.

మా పద్ధతి చాలా సులువు. రాత్రంతా దీపం వెలిగే గోడ ఒకటి ఎంచుకోవాలి. బడి గోడ కావచ్చు, స్టేషను గోడ కావచ్చు. తెల్లారుతూనే, కాకులూ గోరింకలూ వచ్చి ఏరుకు తినకముందే, ఆ గోడ చూడాలి. ఏది వాలి ఉంటే దాన్ని ఫొటో తీసి ఒక చీటీ రాయాలి. ఊరు, తేదీ, ఏ గోడ, ఎవరు చూశారు. అంతే. చీటీలన్నీ నా దగ్గరికి వస్తాయి. ఒక నియమం కూడా నేనే పెట్టాను. ఎవరిదైనా ఒక్క దొంగచీటీ బయటపడితే ఆ మనిషి చీటీలన్నీ పట్టికలోంచి తీసెయ్యాలి. చీటీలు రాసేవాళ్ళమంతా కలిసి పెట్టుకున్న సంఘం సమావేశాల్లో ఆ నియమం చదివేటప్పుడు నా గొంతు ఖంగున మోగేది.

పొడంపేటలో నూకాలమ్మ అని ఒక అంగన్‌వాడీ కార్యకర్త ఉండేది. చేపలు పట్టేవాళ్ళ ఊరు అది. తాబేళ్ళను చూడటానికి ఎక్కడెక్కడివాళ్ళో అక్కడికి వచ్చేవారు, చిమ్మటల కోసం వెళ్ళేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమెకు ఈ పని నేర్పింది కూడా నేనే. నాలుగు చలికాలాల్లో ఒక్క ఉదయం కూడా మానలేదు. జ్వరంతో కూడా గోడ చూసేది. అంగన్‌వాడీ గోడ మీద ఆమె చూసినవాటిలో కొన్ని, జిల్లాలో అంతకుముందు చలికాలంలో ఎవరూ చూడనివి. మొదట గర్వపడ్డాను. తర్వాత గర్వం తగ్గింది. ఎందుకు తగ్గిందో నన్ను నేను అడగలేదు.

నాలుగో చలికాలంలో ఆమె చమఖండి వెళ్ళింది, ఎవరో చుట్టాల పెళ్ళికి. ఆ ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ గోడ నాది. అంటే ఆ గోడ చీటీలు నేను రాసేవాణ్ణి. పెళ్ళివారింట్లోంచి తెల్లవారగానే లేచి, మాస్టారి గోడ చూద్దామని సరదాగా వెళ్ళిందట. గోడ లేదు. పెద్ద తుపానుకి కూలిపోయి అప్పటికే రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ నేను ఆ గోడ మీద చిమ్మటలు చూస్తూనే ఉన్నాను. చలిలో అంత దూరం బండి మీద వెళ్ళలేక, ఇంట్లో దుప్పటి కప్పుకుని, పాత చీటీలు ముందు పెట్టుకుని కొత్తవి రాసేవాణ్ణి. ఒక ఏడు రెండు తగ్గించి, ఇంకో ఏడు ఒకటి పెంచి.

ఈ మాట ఆమె నాకొక్కడికే చెప్పింది. అదీ తలవంచుకుని, తప్పు తనదే అన్నట్టు. పక్కన ఇంకో గోడ ఉంది, మీరు పేరు పొరపాటుగా రాసి ఉంటారు మాస్టారూ అని దారి కూడా తనే చూపించింది. నేను ఆ దారి పట్టుకున్నాను. అవునమ్మా, పొరపాటే అన్నాను. ఆమె ఇంకెవరితోనూ అనలేదు. అనదని నాకు తెలుసు.

మరొకడైతే బతికిపోయానని దణ్ణం పెట్టుకునేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నాకు దారి చూపించడానికి ఈమె ఎవరు? నేను నేర్పితే నేర్చుకున్న మనిషి, నా పరువును కొంగున ముడేసుకుని తిరుగుతోందా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఎప్పుడు మాట్లాడినా ఆ గోడ గురించే అనిపించేది. ఆమె "చలి ఎక్కువగా ఉంది" అన్నా నాకు దుప్పటి గుర్తొచ్చేది. భయం కొంత, రోషం ఎక్కువ. ఇందులో పాళ్ళు ఎంతని ఇన్నేళ్ళుగా లెక్క వేస్తున్నాను, తేలలేదు. తేలితే మాత్రం ఏమవుతుంది?

అప్పుడే ఇంకొక సంగతి జరిగింది. భువనేశ్వర్ నుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చారు. సముద్రతీరం ఊళ్ళలో మూడేళ్ళపాటు ఇదే పని చేయడానికి నెలజీతం మీద ఒక మనిషి కావాలన్నారు. పేరు నన్నే చెప్పమన్నారు. నూకాలమ్మ పేరు తప్ప చెప్పడానికి ఇంకో పేరు లేదు. ఆమె భర్తకు ఊపిరితిత్తుల జబ్బు, చేపల వేటకు వెళ్ళడం మానేశాడు. ఆ ఉద్యోగం వస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. నాకు ఇదంతా తెలుసు. తెలిసే చేశాను.

ఆమె మరిది సోమేసు బరంపురం గేట్ బజార్‌లో దారాల కొట్లో పనిచేసేవాడు. అడవి ప్రాంతాల నుంచి టసర్ పట్టుకాయలు, అంటే అడవి పట్టుపురుగుల గూళ్ళు, బస్తాల్లో ఆ కొట్టుకి వచ్చేవి. బడిపిల్లలకు చూపించాలి, నాలుగు కాయలు ఇస్తావా అని అతన్ని అడిగాను. ప్రాణమున్నవి ఏరి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు. పైగా టీ ఇప్పించాడు. ఆ టీ తాగాను.

టసర్ చిమ్మట చలికాలంలో బయటికి రాదు. కాయలోనే నిద్రపోయి వానలకు లేస్తుంది. కాయలను అట్టపెట్టెలో పెట్టి, మా వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన ఉంచాను. ఇంట్లోవాళ్ళకు కూడా బడిపిల్లల మాటే చెప్పాను. మూడు ఎండిపోయాయి. నాలుగోది సంక్రాంతి వెళ్ళిన వారానికి కాయ చీల్చుకుని వచ్చింది. ఆడది. నా అరచేతంత ఉంది. పసుపురంగు రెక్కల మీద నాలుగు కళ్ళు. ఎంత అందంగా ఉందో! దాన్ని చూసి నా చేయి ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు.

ఆ సాయంత్రం కొత్త చీటీలు ఇచ్చే మిషతో పొడంపేట వెళ్ళాను. నూకాలమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అంగన్‌వాడీ గోడ మీద మీటరు పెట్టె వెనక ఆ చిమ్మటను వదిలాను. కొత్తగా రెక్కలు విప్పుకున్న ఆడ చిమ్మట ఎక్కడికీ పోదు. పెట్టినచోట గోడను పట్టుకుని ఉండిపోతుంది. టీ తాగి, ఆమె భర్తను మందులు వేళకు వేసుకోమని చెప్పి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఫోను చేసింది. సంతోషంతో మాట తడబడుతోంది. వెంటనే చీటీ రాయమ్మా అన్నాను.

మాఘమాసంలో బరంపురంలో సమావేశం పెట్టాం. భువనేశ్వర్ వాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. నూకాలమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆమె చీటీ నేను పైకెత్తి చదివాను. టసర్ ఎక్కడ పుడుతుందో, ఎప్పుడు లేస్తుందో పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాను. సముద్రం ఒడ్డున, పుష్యమాసంలో ఇది దానంతటది రావడం కుదరదు, ఎవరో కాయ తెచ్చి వేడి పెట్టి లేపాలి అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, చూశారా? తర్వాత చాలా మెత్తగా ఆమెనే అడిగాను, మీ ఇంట్లో గేట్ బజార్‌లో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మా అని. తన ఇంటి సంగతి మాస్టారు నలుగురిలో అడిగాడని మురిసిపోయి, "ఉన్నాడండీ, మా మరిది, దారాల కొట్లో" అంది.

హాలంతా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ కొంతసేపూ నేను ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. ముందు నవ్వింది, అందరితోపాటు. తర్వాత నా వైపు చూసింది, మీరైనా చెప్పండి అన్నట్టు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. నాకు బాధ కలిగిందని రాస్తే మీరు నమ్ముతారు. కలగలేదు. చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలికైంది. ఇంటికి వచ్చి కడుపునిండా అన్నం తిన్నాను.

నియమం ప్రకారం ఆమె చీటీలన్నీ తీసేశాను. ఉద్యోగం ఛత్రపురం కుర్రాడెవరికో ఇచ్చారు. ఏడాది గడిచాక, ఆమె చూసిన చిమ్మటల్లో మూడు అరుదైనవాటిని తేదీలు మార్చి నా పేరుతో పట్టికలోకి ఎక్కించాను. వాటికే నాకు శాలువా కప్పారు.

ఇక్కడితో ఆగితే ఇది రాసేవాణ్ణి కాదేమో. మొన్నటి చలికాలం గేట్ బజార్‌లో, కిరాణా కొట్టు ముందు ఆమె ఎదురైంది. మనిషి సగమైపోయింది. చేతిలోని సంచి కింద పెట్టి నమస్కారం పెట్టింది.

"మిమ్మల్ని సూసి తప్పుకుందామనుకున్నాను మాస్టారూ. కాళ్ళు ఎల్లలేదు" అంది.

"ఏటమ్మా, తప్పుకోడం ఎందుకు?"

"ఏ మొకం పెట్టుకుని మాటాడేది? మా ఇంటి వల్ల మీ లిస్టంతా గొడొబొడొ అయిపోనాది కదా. ఆ సోమేసు ఏటన్నాడో తెలుసా? కాయలు మాస్టారే అడిగి పట్టుకెల్లినారు అన్నాడు. దేవుడి పటం మీద సెయ్యేసి మరీ సెప్పినాడు."

"నువ్వేటన్నావు?"

"ఏటంటాను? తప్పు సేసింది సాలక, అంత పెద్దాయన మీద పెడతావా అని కంచం ముందునుంచి లేపీసినాను. పెళ్ళాం పిల్లల్ని తీసుకుని సూరత్ ఎల్లిపోనాడు. మొన్న మా ఆయన పోయినప్పుడు కూడా తమ్ముడికి కబురు పెట్టనివ్వలేదు నేను." కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నా కళ్ళలోకి చూసి, "మాస్టారూ, ఒక్క మాట సెప్పండి. మీరు అడగలేదు కదా?" అంది.

అడిగింది. అంత తిన్నగా అడిగింది. ఏడేళ్ళలో నాకు ఎవరూ ఇవ్వని అవకాశం ఆ కొట్టు ముందు ఆమె చేతిలో పెట్టి ఇచ్చింది. బేరాలవాళ్ళ గోల, ఆటోల హారన్లు, అందరి మధ్యా మేమిద్దరం. నేనే అడిగానమ్మా అంటే చాలు. రెండే రెండు మాటలు. నేను ఏమన్నానో తెలుసా?

"సోమేసా? అతనెవరమ్మా?" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "అదే, నేనూ అదే అన్నాను" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మమ్మల్ని మన్నించండి మాస్టారూ అంది. నేను, పోనీలే, ఎప్పుడో మన్నించాను అన్నాను. నిజంగానే, దయగా అన్నాను. ఆమె భుజం తట్టాను కూడా.

ఆ రోజు నుంచి నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఒకటే. సమావేశంలో చేసినదానికి రోషం అని ఒక సాకు ఉంది. గేట్ బజార్‌లో ఏ సాకు ఉంది? ఉద్యోగం లేదు, పోటీ లేదు, ఆమె నాకు ఏ విధంగానూ అడ్డం కాదు. భర్త పోయి, మరిది దూరమై, ఒంటరిగా నిలబడ్డ మనిషి. అయినా నా నోటికి ముందు వచ్చింది అబద్ధమే. అంటే లోపల ఉన్నది రోషం కాదు, పిరికితనం కూడా కాదు, నేనే. నాకు తోచింది ఇంతే. మీకు ఇంకేమైనా తోస్తే నాకు చెప్పకండి.

కాబట్టి తిన్నగా రాస్తున్నాను. పొడంపేట గోడ మీద ఆ చిమ్మటను పెట్టింది నేను. సోమేసు చెప్పింది ప్రతి మాటా నిజం. ఆ మూడు చిమ్మటలూ నూకాలమ్మ చూసినవి, నేను చూడలేదు. రాస్తుంటే గుండెల మీద ఏదో సడలినట్టుంది. కాదనను, హాయిగానే ఉంది.

ఒక్కటి మాత్రం దాచకూడదు. నూకాలమ్మ తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. వాళ్ళ ఊరి బడి ఒడియా బడి. ఆమెకూ, సోమేసుకూ, వాళ్ళ పిల్లలకూ వచ్చిన అక్షరాలు అవే. నాకు ఒడియా బాగా వచ్చు, ముప్పై ఏళ్ళు ఆ భాషలోనే పాఠాలు చెప్పాను. దీన్ని ఏ భాషలో రాయాలా అని చాలా రోజులు ఆలోచించాను. ఆలోచించే తెలుగులో రాశాను.