గడప ముందు ముప్పై మూడు

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో మంగళ మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీ ఒకదానిలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేది. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్యలంటే ఆమెకు పిచ్చి. తమ ఇంటి నంబరు 33 అలాంటిదే. కంప్యూటర్ లెక్కలో ఒకట్లు, సున్నాలుగా రాస్తే 100001. అదీ అంతే. ఆ సంతోషంలో ఒక వేసవి ఉదయం ఒకటికి చుక్క, సున్నాకు ఖాళీ చొప్పున గడప ముందు ముగ్గుపిండితో ఆ వరస పెట్టింది.

తల్లి కమలాంబకు అది నచ్చలేదు.

"వాకిట్లో ఇంత ఖాళీ ఎందుకు పెట్టినావే?" అని నడుమ నాలుగు చుక్కలు నింపేసింది.

ఇప్పుడు ఆరూ ఒకట్లే, 111111. మంగళ మనసులోనే లెక్క వేసుకుంది. "ఇప్పుడిది అరవై మూడైపోయిందమ్మా."

అరవై మూడో నంబరు వీధి చివరి ఇల్లు. కమలాంబ చేతికంటిన ముగ్గుపిండి దులుపుకుంది.

"ఆడ కొళాయిలో నీళ్ళు బాగా వస్తాయి. అట్లే ఉండనీ."