జోడు రాని పిట్ట

మొన్న శుక్రవారం మా యారాలు పోయింది. నా మరిది భార్య. కబురు వినగానే నేను అడిగింది ఆమె పంజరం ఎక్కడుందని. నాకు అన్నిటికీ భయమే. ఎవరైనా దాన్ని పొయ్యిలో పెడతారేమోనని.

మరిది బొంబాయి రేవులో మూటలు మోసేవాడు. ఆఫ్రికా ఓడ దిగిన మనిషొకడు అతనికి ఒక పిట్టనిచ్చాడట. బొటనవేలంత పిట్ట. బూడిదరంగు ఒళ్ళు, తోక మొదట్లో నిప్పురవ్వంత ఎరుపు. దాని పేరు ఎవరికీ తెలియదు. జడ్చర్లలో రైలు దిగి, పంజరం మీద పంచె కప్పి ఇంటికి తెచ్చాడు. తిరిగి పోతూ భార్యతో, "దీనికి జోడు దెస్త. అందాంక పైలం" అన్నాడు.

ఆ మాటే ఆమెకు ఆధారం. చేలో గింజలేరుకునే జీనువాయి పిట్టను పట్టించి జోడుగా పక్కన పెడితే ఇది మూలకు జరిగింది. "దాని మాట దెల్సినోళ్లు ఈడెవరున్నరక్కా" అంది. పిల్లి వస్తుందని, చలిగాలి కొడుతుందని నేను సతాయిస్తే నవ్వేది. "నువ్వు భయపడు, నేను పనిజేస్త. ఇద్దరం భయపడితె పొయ్యెవరు ముట్టిస్తరు?"

ఊరంతా చూడవచ్చారు. పిట్ట మేత మానేసింది. దిష్టి తగిలిందంది మా అత్త. యారాలు ఉప్పు, ఎండుమిరపకాయలు దాని చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఆరోజు దగ్గలేక అందరం వాకిట్లోకి ఉరికాము. దిష్టేమీ లేదని అత్త సంబరపడింది. పంజరం లోపలే ఉండిపోయింది. పొగ పోయి చూస్తే పిట్ట లేదు, దాని ఒళ్ళే ఉంది.

"ఆయన జోడు దెస్తె, దేనికని ఇయ్యాలె?" అని ఒక్కసారే అడిగింది. మరిది రాలేదు. అతనితో పోయినవాళ్ళు వచ్చారు గానీ, ఏమయ్యాడో వాళ్ళకూ తెలియదు.

కొర్ర కోసిన ప్రతిసారీ మొదటి కంకులు కుచ్చుగా కట్టి, పంజరంలో వేలాడదీసి, తలుపు తీసి పెట్టేది. ఇక రాడమ్మా అని ఒకసారి నోరు తెరిచి చెప్పాను. "నాకు దెల్వదా అక్కా? చెయ్యి ఊకుండది" అంది.

ఆమె పోయిన మూడోనాడు, కాకి వచ్చి ముట్టాలని పిట్టకు ముద్ద పెట్టాము. ఎంతసేపు చూసినా కాకి రాలేదు. ఆమె మనసు దేనిమీద ఉందో అని అందరూ గుసగుసలాడారు. నేను పోయి, కొర్ర కుచ్చు వేలాడుతున్న పంజరం తెచ్చి ముద్ద పక్కన పెట్టాను.

అయినా కాకి రాలేదు. అన్నం ఎండిపోతూ ఉంది. జీనువాయిలు మాత్రం వాలి, కమ్ముల బయటనుంచే కొర్రగింజలు లాగుతున్నాయి. తలుపు తీసే ఉంది. ఒక్కటీ లోపలికి పోలేదు.